అమెరికా తొలినాళ్ల భూముల బేరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా స్వాతంత్ర్యం అంటే మనకి బోస్టన్ రేవులో పారబోసిన టీ, వాషింగ్టన్, రాజ్యాంగం గుర్తొస్తాయి. ఆ కథలోని పెద్దమనుషుల్లో చాలామందికి ఇంకో వ్యాపకం కూడా ఉండేది: భూములు. నేను ఆ సంగతి ఎత్తినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. కాలం సుమారు 1750 నుంచి 1820ల దాకా. మిలియన్లు వదిలేసి లెక్కలు లక్షల్లో, కోట్లలో రాశాను.

అంత పెద్దవాళ్లు భూముల మీద ఎందుకు పడ్డారు?

డబ్బు పెట్టడానికి వేరే చోటు లేదు. 1782లో ఫిలడెల్ఫియాలో ఒకటి తెరిచేదాకా అక్కడ చెప్పుకోదగ్గ బ్యాంకే లేదు. షేర్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. ఉన్నదల్లా అపలాచియన్ కొండల అవతల అంతు తెలియని అడవి. ఇవతల జనాభా చూస్తే 20, 25 ఏళ్లకోసారి రెట్టింపవుతోందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1751లోనే లెక్కగట్టాడు. పుట్టిన పిల్లలకి రేపు పొలాలు కావాలి, కొండ దాటక తప్పదు. వాళ్లకంటే ముందు మనం అక్కడ ఉంటే చాలు. ఉండటమంటే గుడిసె వేసుకుని ఉండటం కాదు, పేరు మీద కాగితం ఉండటం. ఫ్రాంక్లిన్ కూడా లెక్క కట్టి ఊరుకోలేదు. లండన్‌లో ఉన్న రోజుల్లో ఏకంగా 2 కోట్ల ఎకరాలు అడిగిన ఒక కంపెనీలో వాటాదారు అయ్యాడు. విప్లవం వచ్చి ఆ బేరం గాలికి పోయింది.

ఆ భూమి అప్పటికి ఎవరిది?

చిక్కంతా ఇక్కడే ఉంది. అక్కడ ఉంటున్నది షానీ, చెరోకీ, సెనెకా లాంటి తెగలు. 1763లో ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ ఒక ప్రకటన చేశాడు: కొండలు దాటి ఎవరూ స్థిరపడకూడదు, తెగల దగ్గర ప్రైవేటు వ్యక్తులు భూమి కొనకూడదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజుగారి హక్కు మాదంటే మాదని రాష్ట్రాలు కొట్టుకున్నాయి.

ఒక్క విషయం అర్థమైతే మిగతా కథంతా సులువు. చాలా బేరాల్లో రాష్ట్రం కంపెనీకి అమ్మింది నేలని కాదు, ఆ నేలని తెగ దగ్గర కొనుక్కునే హక్కుని. అంటే కంపెనీ రెండుసార్లు డబ్బు కట్టాలి. హక్కు కోసం రాష్ట్రానికి లక్షలు, నేల కోసం తెగకి వేలు. నేల మీద ఉన్నవాడికి వేలు, లేనివాడికి లక్షలు. తప్పు చదవలేదు మీరు.

జార్జ్ వాషింగ్టన్ కూడా రియల్ ఎస్టేట్ చేశాడా?

చేశాడు, బాగా చేశాడు. 17 ఏళ్లకే కల్పెపర్ కౌంటీ సర్వేయరు. గొలుసు పట్టుకుని తిరిగేవాడికి ఏ నేల మంచిదో ముందు తెలుస్తుంది కదా. 18 ఏళ్లకి సొంతంగా భూమి కొన్నాడు. 1754లో ఫ్రెంచి వాళ్ల మీదికి వచ్చిన సైనికులకి 2 లక్షల ఎకరాలు పంచుతామని వర్జీనియా గవర్నర్ డిన్విడీ మాటిచ్చాడు. ఆ పంపకం నడిపించింది వాషింగ్టనే. తన వాటా ఉండనే ఉంది, దానికితోడు డబ్బు అవసరమైన వాళ్ల వాటాలు కూడా కొన్నాడు. కనావా నది ఒడ్డున మంచి నేలలన్నీ ఆయన ఖాతాలోకే పోయాయని తోటివాళ్లు గొణిగారు.

నాకు నచ్చేది 1767 సెప్టెంబరులో ఆయన తన సర్వేయరు విలియం క్రాఫర్డ్‌కి రాసిన ఉత్తరం. రాజుగారి ప్రకటన అప్పటికింకా అమల్లో ఉంది. అది తెగలని చల్లబరచడానికి చేసిన తాత్కాలిక ఏర్పాటేననీ, కొన్నేళ్లలో ఎత్తేస్తారనీ, ఈలోపు మంచి భూములు చూసి గుర్తులు పెట్టుకోకపోతే మళ్లీ దొరకవనీ రాశాడు. విషయం గుట్టుగా ఉంచమన్నాడు. ఎవరైనా అడిగితే వేటకి వచ్చానని చెప్పుకోవచ్చని ఉపాయం కూడా చెప్పాడు.

తర్వాత ఆయనకే ఆక్రమణల బెడద తగిలింది. 1784లో పడమటి భూములు చూసుకోవడానికి వెళ్తే పెన్సిల్వేనియాలో తన స్థలంలో కొన్ని కుటుంబాలు ఇళ్లు వేసుకుని సేద్యం చేసుకుంటున్నాయి. కోర్టుకెళ్లి 1786లో గెలిచాడు. కేసు నడిచింది వాషింగ్టన్ కౌంటీలో. అవును, ఆయన పేరు పెట్టిన కౌంటీయే. 1799లో చనిపోయేనాటికి పడమట ఆయన పేరున 50,000 ఎకరాలకి పైగా ఉంది. ఎకరాలున్నాయి గానీ చేతిలో రొక్కానికి మాత్రం ఎప్పుడూ ఇబ్బందే.

చేతిలో డబ్బు లేకుండా లక్షల ఎకరాలు ఎలా కొనేవాళ్లు?

మన దగ్గర అగ్రిమెంట్ రాసుకుని, కొంచెం బయానా ఇచ్చి, గడువు తీరేలోపు ఇంకొకరికి ఎక్కువకి తిప్పేయడం చూస్తూనే ఉంటాం. అదే సంగతి. దానికి అక్కడ ఇంకో మెలిక ఉంది. యుద్ధకాలంలో రాష్ట్రాలు ఇచ్చిన అప్పు పత్రాలు బజారులో డాలరుకి ఐదో వంతుకి దొరికేవి. భూమి ధర మాత్రం ఆ పత్రాలతో, వాటి మీద రాసి ఉన్న విలువకే కట్టొచ్చు. 20 సెంట్లు పెట్టి కొన్న కాగితం సర్కారు దగ్గర డాలరు.

ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరు 1788లో చేసింది ఇదే. న్యూయార్క్ రాష్ట్రం పడమటి భాగంలో 60 లక్షల ఎకరాల మీద కొనుగోలు హక్కుని రాష్ట్రాల తగాదా తీరాక అది దక్కిన మాసచూసెట్స్ నుంచి 10 లక్షల డాలర్లకి, మూడు వాయిదాల్లో కట్టేట్టు తీసుకున్నారు. కట్టేది చవక పత్రాలతోనే కాబట్టి అసలు ఖర్చు 2 లక్షలకి మించదని వాళ్ల ధీమా. ఆ వేసవిలో సెనెకా పెద్దలతో కూర్చుని సుమారు 26 లక్షల ఎకరాలు తీసుకున్నారు. ఇచ్చింది 5,000 డాలర్లు, ఏటా 500.

ఆ చర్చల్లో ఒక ముచ్చట ఉంది. జెనెసీ నది అవతలి ఒడ్డు వదులుకునేది లేదని సెనెకాలు భీష్మించారు. అక్కడ జలపాతం దగ్గర పిండిమర పెట్టుకుంటాం, మీక్కూడా ఉపయోగం, కాస్త స్థలం ఇవ్వండని ఫెల్ప్స్ అడిగాడు. మరకి ఎంత కావాలి? 12 మైళ్ల వెడల్పు, 24 మైళ్ల పొడవు అన్నాడు. ఎకరాల్లో 1,84,000 పైచిలుకు! ఇచ్చేశారు. 'మర పెరడు' అనే పేరుతోనే అది పటాలకెక్కింది. మర కట్టినాయనకి అందులో దక్కింది 100 ఎకరాలు. ఇప్పటి రోచెస్టర్ నగరం లేచింది అక్కడే.

ఇంత తెలివిగా కట్టిన లెక్క రెండేళ్లకే తిరగబడింది. 1790లో కేంద్ర ఖజానా మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ రాష్ట్రాల అప్పులన్నీ కేంద్రం నెత్తికెత్తుకునేట్టు చేశాడు. దాంతో ఆ చచ్చిన కాగితాలకి ప్రాణమొచ్చి రేటు ఆకాశానికి పోయింది. తర్వాతి వాయిదాలు కట్టలేక ఫెల్ప్స్, గోరమ్ చేతులెత్తేశారు. మిగిలింది రాబర్ట్ మోరిస్ చేతికొచ్చింది. ఆయన కథ కిందకి వస్తుంది.

సర్వే ఎలా చేసేవాళ్లు? మన కొలతలకీ వాటికీ సంబంధం ఉందా?

ఉంది, చాలా దగ్గరి సంబంధం. వాళ్లు వాడింది గుంటర్ గొలుసు. 66 అడుగుల పొడవు, 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఒక చదరపు గొలుసు అంటే 484 గజాలు: ఆంధ్రలో 10 సెంట్లు, తెలంగాణలో 4 గుంటలు. గుంట 33 అడుగులకి 33 అడుగులు, సరిగ్గా సగం గొలుసు. ఒకే బ్రిటిష్ ఎకరం రెండు చోట్లకీ వెళ్లింది, అంతే.

1785 చట్టం ఒహాయో నది అవతల నేలని చదరంగం బల్లలా గీయమంది. 6 మైళ్లకి 6 మైళ్లు ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు, 16వ సెక్షన్ బడికి. షికాగో శివార్లలో ఉండే మనవాళ్లు మైలుకో పెద్ద రోడ్డు అడ్డంగా, నిలువుగా రావడం గమనించే ఉంటారు. ఆ గీతలు అవే.

ఫ్రెంచి వాళ్లని ముంచిన సయోటో కంపెనీ కథ ఏమిటి?

విలియం డ్యూయర్ అనే ఆయన కేంద్ర ఖజానా బోర్డుకి కార్యదర్శి. కుర్రతనంలో రాబర్ట్ క్లైవ్ వెంట బెంగాల్ కూడా వచ్చి వెళ్లాడు. 1787లో ఒహాయో కంపెనీ వాళ్లు 15 లక్షల ఎకరాలు అడగడానికి వస్తే, దాని చాటున తన మనుషులకి (సయోటో కంపెనీ అంటే వీళ్లే) అంతకి రెండింతల పైనే ఉన్న ముక్క ఇప్పించుకున్నాడు. ఇప్పించుకుంది నేల కాదు, గడువులోపు డబ్బు కడితే నేల ఇస్తామన్న మాట. అంత మాత్రానికే జోయెల్ బార్లో అనే కవిని పారిస్ పంపారు. అక్కడ ఆయనకి తోడైనవాడు విలియం ప్లేఫెయిర్. బడిలో మనం గీసిన బార్ గ్రాఫ్, పై చార్ట్ కనిపెట్టింది ఈయనే. ప్రాస్పెక్టస్ (కొనేవాళ్లని ఆకర్షించే ప్రచార పత్రం) రాయడంలోనూ అంతే నేర్పరి అని చెప్పాలి.

అందులో ఉన్నదిది: పంచదార కారే చెట్లు, కొవ్వొత్తులకి మైనమిచ్చే పొదలు, పన్నుల్లేవు, పట్టి తీసుకెళ్లే సైన్యం లేదు. ఫ్రెంచి విప్లవం భయంలో ఉన్న పారిస్ జనం ఎగబడ్డారు. 1790లో వందల మంది ఓడ దిగారు. విగ్గులు చేసేవాళ్లు, చెక్కడం పనివాళ్లు, బంగారు పూత పూసేవాళ్లు. గొడ్డలి ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్లు తక్కువ. ఒహాయో నది ఒడ్డున దుంగలతో నాలుగు వరసల్లో కట్టిన 80 గుడిసెలు, వెనక అడవి. ఆ ఊరే గాలిపోలిస్. చేతిలో ఉన్న దస్తావేజులు చెల్లవని అక్కడికి చేరాక బోధపడింది, ఎందుకంటే అమ్మిన కంపెనీకే హక్కు లేదు. కంపెనీ తన డబ్బు ఎప్పుడూ కట్టలేదు. గుడిసెలున్న స్థలం కూడా నిజానికి ఒహాయో కంపెనీది. కాబట్టి ఊరి స్థలానికి వాళ్లు రెండోసారి కట్టాల్సొచ్చింది. 1795లో కాంగ్రెస్ జాలిపడి వేరేచోట 24,000 ఎకరాలు ఇచ్చింది. డ్యూయర్ అప్పటికే న్యూయార్క్ జైల్లో ఉన్నాడు. 1792లో ఆయన ఆడిన షేర్ల జూదం కూలి, దేశం తొలి మార్కెట్ పతనం వచ్చింది. 1799లో పోయాడు.

యాజూ కుంభకోణం అంటే?

వీటన్నిటికీ తాత. 1795 జనవరి 7న జార్జియా గవర్నర్ జార్జ్ మాథ్యూస్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఇప్పటి అలబామా, మిసిసిపీల్లో, యాజూ నది వైపు 3.5 కోట్ల ఎకరాలు నాలుగు కంపెనీలకి 5 లక్షల డాలర్లకి. తెలంగాణ అంతా కలిపితే సుమారు 2.77 కోట్ల ఎకరాలు, పోల్చుకోండి. ఎకరం సెంటున్నర కూడా పడలేదు. 8 లక్షలు ఇస్తామన్న పోటీ కంపెనీని పక్కన పెట్టారు. ఎందుకో తెలుసుకోవడానికి విచారణ కూడా అక్కర్లేదు, ఓటేసిన సభ్యుల్లో దాదాపు అందరికీ కంపెనీల్లో వాటాలు. పత్తి నుంచి గింజలు తీసే యంత్రం, కాటన్ జిన్, రెండేళ్ల కిందటే వచ్చింది. పత్తి నేలల రేటు ఎటు పోతుందో అందరికీ తెలుసు.

జనం మండిపడ్డారు. జేమ్స్ జాక్సన్ అనే సెనేటర్ పదవికి రాజీనామా చేసి ఊరికొచ్చి రాష్ట్ర సభకి పోటీ చేశాడు, గెలిచాడు. 1796 ఫిబ్రవరి 13న అమ్మకాన్ని రద్దు చేయించాడు. చట్టం కాగితాన్ని జార్జియా అప్పటి రాజధాని లూయీవిల్‌లో శాసనసభ ముందు అందరూ చూస్తుండగా తగలబెట్టారు. మామూలు నిప్పు పనికిరాదని, భూతద్దంతో సూర్యుడి నుంచే నిప్పు తెచ్చారని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, అగ్నిసాక్షి అన్నమాట మనకి కొత్త కాదు కాబట్టి నాకు ఈ ఘట్టం ముద్దొస్తుంది.

అసలు చమత్కారం ఏమిటంటే, సరిగ్గా రద్దయిన రోజునే, వందల మైళ్ల దూరంలో ఒక కంపెనీ 1.1 కోట్ల ఎకరాలు బోస్టన్ వాళ్లకి ఎకరం 10 సెంట్ల లెక్కన అమ్మేసింది.

మరి కొన్నవాళ్ల గతి?

కోర్టుకెళ్లారు. 1810లో ఫ్లెచర్ వర్సెస్ పెక్ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు: లంచాలతో పుట్టినదైనా సరే, అమ్మకం ఒక ఒప్పందం. తెలియక కొన్న మూడో మనిషి హక్కుని రాష్ట్రం తర్వాత చట్టం చేసి లాగేసుకోలేదు. రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు ఒక రాష్ట్ర చట్టాన్ని కొట్టేయడం అదే మొదలు. ఇంతా చేసి ఫ్లెచర్, పెక్ ఇద్దరూ ఒక జట్టే. తీర్పు రాబట్టడానికి మాట్లాడుకుని 15,000 ఎకరాల అమ్మకం మీద కేసు వేసుకున్నారు. 1814లో కాంగ్రెస్ యాజూ హక్కుదారుల కోసం 50 లక్షల డాలర్ల దాకా కేటాయించింది. జార్జియా అమ్మింది 5 లక్షలకే అని గుర్తుందిగా.

అదే జార్జియాలో ఇంకో వింత. 24 కౌంటీల్లో ఉన్న నేల సుమారు 87 లక్షల ఎకరాలు, ఇచ్చిన పట్టాలు 2.9 కోట్ల ఎకరాలకి. లేని వాగులు, లేని చెట్లు పటంలో గీసి మరీ ఇచ్చారు.

రాబర్ట్ మోరిస్ ఎలా మునిగాడు?

స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు, యుద్ధానికి డబ్బు సర్దినవాడు, ఫిలడెల్ఫియాలో మొదటి వరస షావుకారు. ఫెల్ప్స్ దగ్గర తీసుకున్న ముక్కని లండన్‌లోని పుల్టెనీ బృందానికి 75,000 పౌండ్లకి అమ్మి లాభం చూశాడు. ఆ రుచే కొంప ముంచింది. ఇంకో 33 లక్షల ఎకరాలు డచ్చి బ్యాంకర్లకి అమ్మాడు. వాళ్లదే హాలండ్ ల్యాండ్ కంపెనీ. తర్వాత జాన్ నికల్సన్, జేమ్స్ గ్రీన్‌లీఫ్‌లతో కలిసి కొత్తగా కడుతున్న వాషింగ్టన్ నగరంలో 6,000 ప్లాట్లు 7 వాయిదాల్లో కట్టేట్టు తీసుకున్నాడు. 1795లో నార్త్ అమెరికన్ ల్యాండ్ కంపెనీ పెట్టి 60 లక్షల ఎకరాల పేరు చెప్పి 100 డాలర్ల షేర్లు 30,000 బయటకి వదిలారు. అందులో ఇందాక చెప్పిన జార్జియా నేలలు కూడా ఉన్నాయి.

కొనేవాళ్లు రాలేదు. యూరప్‌లో యుద్ధం, డబ్బు బిగుసుకుపోయింది. మోరిస్ నోటుకి నికల్సన్ హామీ, నికల్సన్ నోటుకి మోరిస్ హామీ. లక్షల కొద్దీ రాసుకుంటూ పోయారు. చివరికి ఆ నోట్లు డాలరుకి 15 సెంట్లకి కూడా ఎవరూ ముట్టలేదు. 1797లో అప్పులవాళ్లకి భయపడి మోరిస్ నది ఒడ్డున ఉన్న తన తోట ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్నాడు. వాళ్లు బయట మంటలేసుకుని కాపలా కాశారు. 1798 ఫిబ్రవరిలో అరెస్టయి ప్రూన్ వీధి జైలుకి పోయాడు. అప్పు 30 లక్షల డాలర్ల దాకా. ఆ నవంబరులో ఫిలడెల్ఫియా వచ్చిన వాషింగ్టన్ జైలుకే వెళ్లి ఆయనతో భోజనం చేశాడు. నికల్సన్ 1800లో అదే జైల్లో చనిపోయాడు. కొత్తగా వచ్చిన దివాలా చట్టం పుణ్యమా అని మోరిస్ 1801 ఆగస్టులో బయటపడ్డాడు. హాలండ్ కంపెనీ ఆయన భార్య మేరీకి ఏటా 1,500 డాలర్లు ఇచ్చేట్టు ఒప్పించారు, భూముల మీద ఆమెకున్న హక్కు వదులుకున్నందుకు. ఇల్లు దానిమీదే గడిచింది.

సుప్రీంకోర్టు జడ్జి కూడా జైలుకెళ్లాడట, నిజమేనా?

నిజమే. జేమ్స్ విల్సన్, రాజ్యాంగం రాసినవాళ్లలో ఒకడు. యాజూలో, ఇంకా ఎన్నిట్లోనో ఉన్నాడు. పదవిలో ఉండగానే అప్పు కింద న్యూజెర్సీలో జైలుపాలయ్యాడు. బయటపడ్డాక మిగతా అప్పులవాళ్లని తప్పించుకుని నార్త్ కరోలినాలో ఈడెన్‌టన్ చేరి, అక్కడే 1798 ఆగస్టులో పోయాడు.

తెగలకి చివరికి ఏం దక్కింది?

మోరిస్ డచ్చి వాళ్లకి అమ్మింది ఇంకా సెనెకాల చేతిలో ఉన్న నేలే. వాళ్లని ఒప్పిస్తేగానీ బాకీ ముగియదు. 1797లో బిగ్ ట్రీ అనే చోట సభ పెట్టారు. అప్పులవాళ్ల భయానికి మోరిస్ గడప దాటలేక కొడుకు థామస్‌ని పంపాడు. సెనెకాల నాయకుడు రెడ్ జాకెట్ అమ్మనన్నాడు, సభ ముగిసినట్టే అనిపించింది. సెనెకాల్లో భూమి మాట ఆడవాళ్లది కూడా. థామస్ వాళ్ల దగ్గరికి పోయి కానుకలు పంచాడు, ఆవులు ఇస్తానన్నాడు. సభ మళ్లీ మొదలైంది. ధర లక్ష డాలర్లు, అదీ చేతికి కాదు, బ్యాంకు షేర్లలో పెట్టి వడ్డీ ఇస్తారు. వాళ్లకి మిగిలినవి 2 లక్షల ఎకరాల లోపు చెల్లాచెదురు ముక్కలు.

1823లో జాన్సన్ వర్సెస్ మెకింటోష్ తీర్పుతో మార్షల్ ఇంకో తలుపు మూశాడు. తెగలకి ఉండే హక్కు ఉంది, నచ్చినవాడికి అమ్ముకునే హక్కు లేదు, కొనేది ప్రభుత్వమే. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవరు చెప్తారో వేరే చెప్పాలా.

కెంటకీలో టైటిల్ గొడవలు అంత ఎక్కువ ఎందుకు?

అక్కడ చదరంగం బల్ల గీయలేదు కాబట్టి. ఎవరికి వారు నచ్చిన ముక్క కొలుచుకుని, ఫలానా వాగు, ఫలానా మూడు ఓక్ చెట్లు అని చెక్కుబందీ రాయించుకునేవాళ్లు. చెట్టు పడిపోతే హద్దు పోయినట్టే. ఇంటి పైకప్పు పెంకుల్లా ఒక పట్టా మీద ఇంకో పట్టా. 1775లో చెరోకీల దగ్గర 2 కోట్ల ఎకరాలు 10,000 పౌండ్ల సరుకుకి కొన్నానన్న రిచర్డ్ హెండర్సన్ బేరాన్ని వర్జీనియా రద్దు చేసి 2 లక్షల ఎకరాలతో సరిపెట్టింది. ఆయన కోసం అడవిలో బాట కొట్టిన డేనియల్ బూన్ తన పట్టాలన్నీ పోగొట్టుకుని 1799లో మిసోరీ వెళ్లిపోయాడు.

మామూలు రైతు ఎప్పుడు కొనగలిగాడు?

మెల్లగా. 1785లో కనీసం 640 ఎకరాలు, ఎకరం డాలరు, రొక్కం. 640 డాలర్లు రైతు దగ్గర ఎక్కడుంటాయి? 1796లో ధర రెండు డాలర్లు చేశారు, ఇంకా అన్యాయం. 1800లో 320 ఎకరాలకి దించి, నాలుగో వంతు కట్టి మిగతాది నాలుగేళ్లలో తీర్చమన్నారు. 1804లో 160 ఎకరాలు. జనం అప్పు మీద ఎగబడ్డారు, 1819 మాంద్యంలో వాయిదాలు ఆగిపోయాయి. 1820లో అప్పు పద్ధతి ఎత్తేసి 80 ఎకరాలు, ఎకరం డాలరుంబావు చేశారు. మొత్తం 100 డాలర్లు.

కెంటకీలో టైటిల్ గొడవలతో విసిగిపోయి 1816లో ఇండియానాకి మారిన కుటుంబాల్లో థామస్ లింకన్‌ది ఒకటి. కొడుకు అబ్రహాంకి అప్పుడు ఏడేళ్లు. తాము ఊరు వదలడానికి ముఖ్య కారణం పట్టాల చిక్కులేనని ఆ కొడుకే తర్వాత రాశాడు. ఇండియానాలో సర్వే గీతలు ఉన్నాయి, అమ్మేది నేరుగా ప్రభుత్వం. థామస్ 1817లో విన్సెన్స్ ఆఫీసుకి పోయి 160 ఎకరాలు అప్పు మీద రాయించుకున్నాడు. పదేళ్లయినా మొత్తం తీరలేదు. 1827లో తూర్పు సగం ప్రభుత్వానికి తిరిగిచ్చేసి, కట్టిన డబ్బుని పడమటి సగానికి సర్దించుకుని, 80 ఎకరాలకి పట్టా తీసుకున్నాడు.